గడ్డి యెవ్వరిది? – కాటమరాజు కథయందలి పుల్లరి

ఖడ్గతిక్కన పేరు విననివారు తెలుగు చదివిన యిండ్లలో అరుదు. నెల్లూరి ప్రభువు సేనానియైన యతడు పోరినుండి వెనుదిరిగి యిల్లు చేరెననియు, భార్య చానమ్మ స్నానపు నీళ్లచెంత పసుపుముద్ద నుంచి, మఱుగునకు మంచ మడ్డముగా నిలిపెననియు, తల్లి విరిగిన పాలు వడ్డించి యెత్తిపొడిచెననియు, అతడు సిగ్గుపడి మరల పోరికి పోయి ప్రాణములు విడిచెననియు చాటుపద్యములు చెప్పుచున్నవి. ఇరువదియేండ్లుగా నేనును ఈ వృత్తాంతమును తరగతిలో చెప్పుచునే యున్నాను. చెప్పినప్పుడెల్ల బాలురు నిశ్శబ్దముగా వినుచుందురు. ఉపాధ్యాయునకు ఇంతకంటె తృప్తి యేమి కావలెను?

ఈ సంవత్సరము మాఘమాసమున ఆ తృప్తి చెడినది. పోరు దేనికొఱకు వచ్చినదని యొక విద్యార్థి యడుగగా, గొల్లల ఆవులు నెల్లూరి సీమలో గడ్డి మేసి పుల్లరి కట్టకపోవుటచే వచ్చినదని తేలికగా చెప్పి, పసుపుముద్దకడకు వచ్చుచుంటిని. అంతలో వెనుకబల్లనుండి గొల్లవారి బాలుడొకడు లేచి, “సారూ, మరి గా గడ్డి ఎవ్వలది?” అని యడిగెను. తరగతి నవ్వినది. నాకు నవ్వు రాలేదు, సమాధానమును రాలేదు. ఆ ప్రశ్న పట్టుకొనియే నేను కాటమరాజు కథను మరల చదివితిని. ఈ వ్యాసము ఆ చదువుయొక్క ఫలము.

మనము ఖడ్గతిక్కన కథ యని చెప్పుకొనునది వాస్తవముగా కాటమరాజు కథలో నొక చిన్న కొమ్మ. మూలవృక్షము గొల్లలది. గంగజాతరలలోను గొల్లల కొలుపులలోను కొమ్మునూది పాడు కొమ్ములవారు దానిని తరతరములుగా కాపాడిరి. మన తెలంగాణములో మందహెచ్చులవారు రంగులు పూసిన కొయ్యబొమ్మలను వరుసగా నిలిపి, ఒక్కొక్క వీరుని చేతికెత్తి చూపుచు చెప్పుదురు. 1970ల దశకమున తంగిరాల వెంకట సుబ్బారావుగారు ఈ కథలను సేకరించి పరిష్కరింపగా, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి రెండు సంపుటములుగా వెలువరించినది. ఆ సంపుటములు విప్పి చూచినవారికి, చాటుపద్యములలోని వీరము ఎంత పెద్ద తగవునకు కొనభాగమో తెలియగలదు.

పాడువారిని బట్టి వివరములు మాఱుచుండును గాని, కథయొక్క బొమిక యొక్కటే. కనిగిరి ప్రాంతమున ఆలమందల నేలు యాదవకులమువాడు కాటమరాజు. కఱవు వచ్చినది. వానలు లేవు, చెఱువులు లేవు, బీళ్లలో పూరికొస లేదు. మందలను తోలుకొని దక్షిణముగా నెల్లూరి సీమకు దిగి, అచ్చటి ప్రభువైన నల్లసిద్ధిరాజుతో ఒడంబడిక చేసికొనెను. గడ్డియు నీరును రాజువి. మేసినందులకు ప్రతిఫలముగా మందలో పుట్టిన కోడెదూడలు రాజునకు పుల్లరి. కొంతకాలము సవ్యముగా జరిగినది. పిదప రాజు ఉంపుడుకత్తె కుందమాదేవి చిలుక యొకటి ఆవులను బెదరించెననియు, గొల్లలు దానిని కొట్టి చంపిరనియు, ఆమె కోపించి ఆవులను చంపించెననియు చెప్పుదురు. ఆవులు చచ్చిన పిమ్మట ఒడంబడిక యేల నిలుచునని కాటమరాజు పుల్లరి నిరాకరించెను. మేసిన గడ్డికి బదులేదని రాజు పట్టుపట్టెను. రాయబారములు నడచినవి, విఫలమైనవి. పాలేటి యొడ్డున ఎఱ్ఱగడ్డపాటికడ పోరు జరిగెను. ఖడ్గతిక్కన ఇటనే మడిసెను. గొల్లల పక్షమునను బ్రాహ్మణుడైన బ్రహ్మరుద్రయ్య కలడు. అంటరానివారుగా నెంచబడిన కులమున పుట్టిన బీర్నీడు కలడు. చరిత్రకారులు దీనిని 13వ శతాబ్ది ఉత్తరార్ధమున జరిగినదిగా తలచుచున్నారు. ప్రభువు నల్లసిద్ధియా, తిక్కన సోమయాజి కాశ్రయమిచ్చిన మనుమసిద్ధియా యను వాదముతో నాకిచ్చట పని లేదు.

ఈ కథాశరీరమున నన్ను మొదట నిలవేసినది చిలుక. ఒక్క చిలుక బెదరించినచో వేలకొలది ఆవులు చెదరునా? చెదరునేమో; మందను కాచినవారు ఒక చప్పుడునకే చెదరుననుచున్నారు. చెదరుట వేఱు, రెండు సీమల వీరులు మడియుట వేఱు. కొన్ని పాఠములలో చిలుకకంటె బరువైన మాటలు చెదురుమదురుగా వినబడుచున్నవి: వచ్చిన మందలు మేయగా స్థానికుల పశువులకు మేత చాలకపోయెననియు, అడవిలో వేటాడి బ్రదుకువారికి మృగములు దొరకక మొఱపెట్టుకొనిరనియు. ఇవి నిజమైన కారణములు. ఒక సీమకు సరిపోవు గడ్డిని రెండు సీమల పశువులు మేసినవి. మొదటి యేడు చాలినది రెండవ యేడు చాలలేదు. రాజునకు కోడెదూడలు వచ్చుచున్నవి. రైతునకు, వేటగానికి వచ్చున దేమియు లేదు. గడ్డిని అమ్ముకొన్నవాడొకడు, పోగొట్టుకొన్నవాడు మఱియొకడు. తగవుయొక్క కీలు ఇచ్చట నున్నది.

కథకులు ఈ కీలును పట్టియు విడిచినారు. రైతు మొఱ ఒక్క మాటలో వచ్చి పోవును. చిలుక ఱెక్కల చప్పుడు మాత్రము పుటలకొలది వినబడును. దోషమంతయు ఒక స్త్రీమీదికి, అందును పేరు చెడిన స్త్రీమీదికి, నెట్టబడినది. ఇది మన కథలకు కొత్త గాదు. రాజ్యములు చెడినచోట నొక యాడుదాని పేరు వెదకుట మనవారికి చిరకాలపు టలవాటు. రాజు చేసిన బేరము తప్పని చెప్పిన, రాజు నెదిరించి చెప్పవలెను. ఉంపుడుకత్తె గయ్యాళి యనిన, ఎవ్వరికిని నొప్పి లేదు. కుందమాదేవి పక్షమున ఏ కొమ్మును ఊదబడలేదు.

కథకు రెండవకొసన నున్న స్త్రీని చూతము. చానమ్మను మనము వీరపత్నియని పొగడుచున్నాము. నేనును పొగడితిని. ఇప్పుడు చదువగా ఆ పసుపుముద్ద నాకు కంటగింపుగా నున్నది. ఆ యింటిలో ఎవ్వరును అడుగని ప్రశ్న యొకటి కలదు: పోరు న్యాయమైనదా? సేన చెదరిన తరువాత తిరిగి వచ్చినవాడు ఏమి చూచి వచ్చెను? ఆవుల నదలించుట సేనాని పనియా? ఇవి యడుగుటకు మాఱుగా, మగవానికి ఆడుదానితో పోలిక తెచ్చిరి. ఆడుతనము నవమానముగా నిలిపి, ఆ యవమానమును ఆడువారిచేతనే చేయించి, దానిని స్త్రీధర్మముగా పొగడిన పద్యమును మనము బాలికలచేత వల్లె వేయించుచున్నాము! పద్యమునందు నేర్పు లేదని యనను. విరిగిన సేనకును విరిగిన పాలకును కలిపిన శ్లేష నేటికిని చెవి కింపుగా నున్నది. ఆ యింపుచేతనే గడ్డి కానరాకపోయినది. మగనిని చావునకు తరుముటకొక స్త్రీ, పోరు తెచ్చుటకొక స్త్రీ కావలసివచ్చిరి; ఆ నడుమ బేరము చేసినవారందఱును పురుషులే.

గొల్లల పాటలో నున్న స్త్రీ వేఱు. గంగ కాటమరాజును వలచి, తన్ను వివాహమాడుమని యడుగును. అతడు పోరు ముగిసిన పిమ్మట ననును. వారిద్దఱ సంవాదము ‘గంగ తర్కము’ అను పేర ప్రత్యేకముగా పాడబడుచున్నది. పేరే చెప్పుచున్నది, అది తర్కమని. అచ్చట స్త్రీ వాదించును, మగవాడు సమాధానము వెదకుకొనును. గంగ యనగా నీరు. మందలవారికి నీటితో పెండ్లి వాయిదా పడుటయే చావు. పండితులు పసుపుముద్దను ఏఱుకొని దీనిని వదలిరి. నా యభిప్రాయమున కథలో మిక్కిలి బలమైన భాగము ఇదియే.

ఇక పుల్లరి. పుల్లనగా గడ్డి, అరి యనగా పన్ను. మాట పాతది, పన్నును పాతదియే. దీనిని కేవలము రాజు దౌర్జన్యమని కొట్టివేయుట సులభము గాని, మందలవారి వ్యవహారమెఱిగినవారు అట్లనరు. మా మర్రిగూడ మెట్టసీమ. వాన పడినచో ఎఱ్ఱదుబ్బలో నాలుగు మాసములు పచ్చిక యుండును. సంక్రాంతి దాటిన పిదప గుట్టలు బోడివగును. గొఱ్ఱెలను పశువులను గలవారు దేవరకొండ మీదుగా కృష్ణవైపునకో, అమ్రాబాదు గుట్టలెక్కి నల్లమలకో తరలుదురు. తొలకరికి తిరిగి వత్తురు. నల్లమలలో గొల్లలును లంబాడీలును పెంచు పొడతూర్పు పశువులు, ఒంటిమీది పొడలచేత ఆ పేరు పొందినవి, ఈ రాకపోకలకే పుట్టినట్లుండును; రాళ్లలో నడచును, తక్కువ మేతకు ఓర్చును. దారిలో ప్రతి యూరితోను ఒక లెక్క కలదు. కోత కోసిన చేనిలో రాత్రి మంద పెట్టించుకొన్న రైతు, ఎరువు దొరకినందులకు, మందవానికే గింజలు కొలుచును. అనగా ఇచ్చట పుల్లరి ఎదురు నడచుచున్నది! మేసినవాడు చెల్లింపడు, మేపనిచ్చినవాడు చెల్లించును. ఇద్దఱికిని లాభమున్నచోట బేరము ఎట్లుండునో దీనివలన తెలియును. నెల్లూరిలో అట్టి బేరము రైతుతో జరుగలేదు, రాజుతో జరిగినది. కాటమరాజు పొరపాటు అచ్చట నున్నది. అతడు వీరుడే, మాటకు కట్టుబడినవాడే. కాని గడ్డి నెల్లూరి కోటలో మొలవదని అతనికి తోచలేదు.

రాజులు పోయినను పుల్లరి పోలేదు. కృష్ణ కావలియొడ్డున పలనాటిలో, తెల్లదొరల ప్రభుత్వము అడవిలో పశువులు మేపినందులకు పుల్లరి విధింపగా, కన్నెగంటి హనుమంతు కట్టనని నిలిచి, 1922 ఫిబ్రవరిలో తుపాకులకు బలియయ్యెను. ఎఱ్ఱగడ్డపాడునకును మించాలపాడునకును నడుమ ఆఱువందల యేండ్లకు పైబడి దూరమున్నది, మాట ఒక్కటియే. హనుమంతు కథను చెప్పునప్పుడు మన కెవ్వరికిని చిలుక కావలసిరాలేదు. గడ్డి యెవ్వరిదను ప్రశ్న సూటిగనే యడిగితిమి. పాతకథ నడుగుటకు మాత్రము జంకుచున్నాము.

ఈ సందర్భమున దూరదేశపు మందలవారి సాహిత్యముతో మన కథను పోల్చి చూచుట నాకు లాభించినది. ఆస్ట్రేలియా నడిభూమిలో ఆవులను తోలుకొని పోయి స్థిరపడినవారి చరిత్రలు ఇంగ్లీషున కోకొల్లలు. వానిలో ప్రసిద్ధమైనది మేరీ డ్యురాక్ 1959లో ప్రకటించిన ‘కింగ్స్ ఇన్ గ్రాస్ కాసిల్స్’. గడ్డికోటలలోని రాజులని తెనిగింపవచ్చును. ఆమె తాతగారి కుటుంబము 1883లో క్వీన్స్‌లాండునుండి ఏడువేలకు పైగా పశువులను బయలుదేఱదీసి, సుమారు మూడువేల మైళ్లు నడిపించి, 1885లో వాయవ్యమున ఆర్డు నదీతీరమునకు చేర్చినది. దారిలో దప్పికచేతను రోగములచేతను సగమునకు సగము నశించినవి. చదువుచున్నంతసేపు కాటమరాజు కఱవుప్రయాణమే కన్నులయెదుట నుండెను. ధైర్యమునం దెవ్వరికెవ్వరు తీసిపోరు.

అయినను ఒక భేదము కలదు. కాటమరాజు నెల్లూరి పొలిమేరకడ ఆగి, ఈ నేలకు యజమాని యెవ్వరని యడిగెను. ఆస్ట్రేలియాలో ఆ ప్రశ్న అడుగవలసిన యవసరము లేదని చట్టమే నిర్ణయించుకొన్నది. వేలయేండ్లుగా మనుష్యులు నివసించుచున్న నేలను ఎవ్వరికిని చెందని నేలగా నెంచిరి. ఆ భావమును అచ్చటి ఉన్నత న్యాయస్థానము 1992లో మాబో వ్యాజ్యమున త్రోసిపుచ్చువఱకు రెండు శతాబ్దులు గడచినవి. ఖాళీనేల యను ఊహలో ఎంత గ్రుడ్డితనమున్నదో బర్కు, విల్సు అను అన్వేషకుల చావే చెప్పును. 1860లో మెల్‌బోరన్ నుండి బయలుదేఱి ఖండమును ఉత్తరముగా దాటి, తిరుగుదారిలో 1861లో కూపర్సు క్రీకు అను ఏటియొడ్డున కృశించి చనిపోయిరి. అదే యేటియొడ్డున యండ్రువాంధ జనులు కడుపునిండ తిని బ్రదుకుచుండిరి. నీటిపట్టున మొలచు నార్డూ యను మొక్క పలుకులను వారు సరియైన పద్ధతిని సిద్ధపఱచి తినుచుండగా, ఈ దొరలు ఆ పద్ధతి నేర్వక పిండిచేసి తిని మఱింత క్షీణించిరి. వారితో నుండిన కింగు అనునతడు ఆ జనులను చేరి, వారు పెట్టినది తిని బ్రదికెను. చనిపోయినవారికి విగ్రహములు లేచినవి. అన్నము పెట్టినవారి పేర్లు చాలకాలము పుస్తకముల కెక్కలేదు.

పిదప ఆ దేశపు పశువులశాలలలో మందలు కాచినవారు ఎక్కువగా ఆ మూలనివాసులే. గుర్రమెక్కి ఆవులను మళ్లించిన నేర్పు వారిది, కూలి మాత్రము తెల్లవారితో సమానము గాదు. 1966లో వేవ్ హిల్ అనుచోట గురింజి జనులు విన్సెంట్ లింగియారి నాయకత్వమున పని మాని లేచిపోయిరి. వారు మొదట కూలి యడిగిరి, పిదప నేల యడిగిరి. 1975లో ప్రధానమంత్రి విట్లమ్ స్వయముగా వచ్చి, పిడికెడు మన్ను లింగియారి చేతిలో పోసెను. మన రాయబారము లేవియు ఆ పిడికెడు మంటివఱకు రాలేదు.

(పశువుల సంగతి కొంత వింత. మన ఒంగోలు జాతియే నెల్లూరి పేరిట బ్రెజిలుకు పోయి ‘నెలోర్’ అయినది. ఆ నెత్తురును గలిసిన బ్రాహ్మణ్ అను జాతి 1933లో అమెరికానుండి ఆస్ట్రేలియాకు దిగి, నేడు ఉత్తరపుటెండలలో వేలకొలది మైళ్లు మేయుచున్నది. కాటమరాజు పుల్లరి కిచ్చిన కోడెల సంతతి యని చెప్పుటకు ఆధారము లేదు గాని, అట్లనుకొన్న నవ్వు వచ్చుచున్నది.)

పోల్చి చూడగా, మన కథ యొకచోట మిన్నయగుచున్నది: బేరము, దస్తావేజు, రాయబారము, వాదము ఇందులో గలవు, అనగా నేలపై పరుని హక్కును ఒప్పుకొనుట గలదు. వేఱొకచోట మన కథయు ఆ కథలును ఒకే తప్పు చేసినవి. అడవిలో నున్నవాని మొఱ రెండింటను ఒక వాక్యమే. నెల్లూరి వేటగాండ్రకు పాట లేదు. డ్యురాక్ గ్రంథకర్త్రి ఆ జనులయెడ కఠినహృదయ కాదు. అయినను గ్రంథమునకు నాయకులు తన తాతయు ఆవులును. పాడువాడు ఎవ్వరి గింజలు తినుచున్నాడో వారిని పాడును. కొమ్ములవారిని దీనికై తప్పుపట్టను. చదువుకొన్న మనము ఎవ్వరి గింజలును తినక, గొల్లల కథను గొల్లలు లేకుండ చదివితిమి. అది యెక్కువ తప్పు.

మన జిల్లాలో పశువుల కాపరి గతి తరువాత ఏమైనదో కూడ చెప్పవలెను. ఆలమందల నేలిన కాటమరాజుకును, దొరయింట జీతముండి పశువులు కాచిన పిల్లవానికిని ఏమి పోలిక? అయినను రెండును ఒకే పనికి సంబంధించిన సాహిత్యమే. తెలంగాణ పోరాటకాలమున మన సుద్దాల హనుమంతుగారు గొల్లసుద్దుల బాణీని ప్రజలలోనికి తెచ్చిరి. పశువులు కాచు పల్లెటూరి పిల్లవానిమీద పాట కట్టిరి. 1979లో ‘మా భూమి’ చలనచిత్రము ద్వారా అది రాష్ట్రమంతట మారుమ్రోగినది. ఆ పాటలో మందలు కాచువానికి మందలు లేవు, గడ్డి లేదు, పుల్లరి కట్టుటకో నిరాకరించుటకో స్వాతంత్ర్యమైనను లేదు. కాటమరాజు కథ చదివి ఆ పాట వినినయెడల, ఏడువందల యేండ్లలో కాపరి చేతినుండి ఏమేమి జాఱినదో తెలియును. మన సాహిత్యచరిత్రలు ఆ రెండింటిని ఒక్క అధ్యాయమున నుంచి చదివిన నాకు సంతోషము. ఇప్పుడొకటి జానపదమనియు, రెండవది ఉద్యమగీతమనియు వేర్వేఱు దొడ్లలో కట్టివేసినారు.

బాలుని ప్రశ్నకు నే నేమి చెప్పితినని పాఠకు లడుగవచ్చును. ఆ దినము ఏమియు చెప్పలేదు, గంట మ్రోగినది. మఱునాడు, గడ్డి రాజుదని రాజనెను, మేపినవారిదని కాటమరాజనెను, అచ్చటి రైతులను ఎవ్వరు నడుగలేదని చెప్పితిని. వాడు కొంచెమాలోచించి, “గట్లైతే పసుపుముద్ద ఎందుకు పెట్టిండ్రు సారూ?” అనెను. బాలికలలో నొకతె, “గది నేనూ అడుగుదామనుకున్న” అనినది.

శివరాత్రి దాటినది. వెనుకబల్లపై వాని చోటు ఖాళీగా నున్నది. మంద కృష్ణయొడ్డునకు దిగినదనియు, తోలుటకు మనుష్యులు చాలక పిల్లవానిని తీసికొనిపోయిరనియు వాని తాత చెప్పెను. హాజరుపట్టీలో వాని పేరు కెదురుగా చుక్కలు పెట్టుచున్నాను. తొలకరికి తిరిగి వచ్చినచో ఈ పాఠమును కఱవునుండి మొదలుపెట్టి మరల చెప్పవలెనని యున్నాను. గంగ తర్కముకూడ చదివి వినిపింపవలెను.